ఠగ్గుల వాఙ్మూలములు

కారాగారమునందున్న హంతకుని యెదుట ఛాయాయంత్రమును నిలిపి, వానిచేతనే వాని కథను చెప్పించు డాక్యుమెంటరీ చిత్రములు నేడు మన యిండ్లలోనికి వచ్చినవి. పట్టణములకే పరిమితములు కావు. కామారెడ్డికిని ఎల్లారెడ్డికిని నడుమనున్న మా లింగంపేటవంటి చోటులందును రాత్రి భోజనములైన పిదప పెద్దలు పిన్నలు కూడి వానిని చేతిలోని ఫోనులందు చూచుచున్నారు. మఱునాడు బడిలో పిల్లలు ఆ హంతకుని పేరు, వాడు చంపినవారి లెక్క, వాడు నవ్విన తీరు తడబడక చెప్పగలరు. చంపబడినవారిలో ఒక్కరి పేరు చెప్పుడన్నచో ఒకరి మొగమొకరు చూచుకొందురు. ఈ చిత్రములను నిషేధింపవలెనని చెప్పుట మా యభిమతము కాదు. నిషేధించిన మాత్రమున చూడక మానువారెవ్వరు? మేము చెప్పదలచినది వేఱు. బందీయైన హంతకునిచేత మాటలాడించి, ఆ మాటలను గ్రంథముగా కూర్చి, లోకమునకు చూపుట చలనచిత్రముతో పుట్టిన విద్య కాదు. దాని తొలి పాఠశాలలలో ఒకటి మన హైదరాబాదు రాజ్యముననే, ఇప్పటికి నూటతొంబదియేండ్ల క్రిందట తెఱవబడెను. అచట ఏమి నేర్పబడెనో, దాని ఫలము ఎవరి తలపై బడెనో తెలిసికొనుట మనకు మిక్కిలి యవసరము.

ముందుగా ఆ కాలపు త్రోవలను తలపునకు తెచ్చుకొందము. 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీన ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిరి. వారు అచటి సుప్రీముకోర్టునందు ద్విభాషిగా నుండినవారు. కడప, కర్నూలు సీమలు దాటి హైదరాబాదు చేరి, అటనుండి నిర్మల, నాగపురము, జబ్బల్పూరుల మీదుగా ప్రయాగకు పోయిరి. 1831వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీకి గాని మరల ఇల్లు చేరలేదు. వారు వ్రాసిన కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చుపడినది. దిగవల్లి వేంకటశివరావుగారు 1941లో దానిని మరల ప్రకటించి పుణ్యము కట్టుకొనిరి. ఏ మజిలీలో మంచినీళ్ళు దొరకును, ఎచట బియ్యము పప్పులు అమ్ముదురు, ఏ దారి గులకఱాతిది, ఏ దారి అడవిది అని వీరాస్వామయ్యగారు దినదినము వ్రాసికొనుచు నడచిరి. వారు సకుటుంబముగా, పెద్ద పరివారముతో, పల్లకీలతో పోయిరి. అట్టి పరివారము లేని సామాన్యుని మాటయేమి? సెలవుపై ఇల్లు చేరబోవు సిపాయి, సొమ్ము నడుమున కట్టుకొని పోవు సాహుకారు గుమాస్తా, గంగనీళ్ళ కావడి మోయువాడు, పెండ్లికి పోవు కుటుంబము, వీరందఱు త్రోవలో కనబడిన తోడును దేవుడిచ్చిన తోడుగా భావించి కలిసికొనువారు. హైదరాబాదునుండి నిర్మలకు పోవు ఆ దారి నేడు 44వ జాతీయరహదారి. అది కామారెడ్డి మీదుగా పోవుచున్నది. దానికి పడమట లింగంపేటలో నాగన్న బావి యను మెట్లబావి గలదు. ఇటీవలనే దానిని బాగుచేసిరి. అట్టి బావుల గట్లపై, అట్టి మామిడితోపుల నీడలో పరాయివారితో కూర్చుండి పొగాకు పంచుకొనుట ఆనాటి ప్రయాణికునకు దినచర్య. ఠగ్గులకు కావలసినదియు అదియే.

ఠగ్గు అనగా మోసగాడు. వారు గుంపులు గుంపులుగా, సామాన్య బాటసారుల వేషముతో పోయి, ఎదురైనవారితో స్నేహము చేసి, కొన్ని దినములు కలిసి నడచి, అనువైన చోట రుమాలు మెడకు బిగించి చంపి, పాతిపెట్టి, సొమ్ము పంచుకొనువారు. మాటలతో లోబఱచువాడొకడు, ఉరి బిగించువాడొకడు, గోతులు త్రవ్వువాడొకడు. ఎవరి పని వారిది. తమలో తాము మాటలాడుకొనుటకు రామసీ యను గుప్తభాష యుండెను. ఈ హత్యలు కట్టుకథలు కావు. గోతులు నిజము, ఎముకలు నిజము. ఆ మాట మొదటనే చెప్పుచున్నాము. ఏలయన ఠగ్గులనువారే లేరనియు, అదంతయు దొరల కల్పన యనియు చెప్పువారును కొందఱు నేడు గలరు. వారితో మేము ఏకీభవింపజాలము.

ఈ గుంపులను పట్టి నిర్మూలించినవాడు విలియం హెన్రీ స్లీమన్. కారన్‌వాల్ సీమలో 1788లో పుట్టి, సైనికుడుగా వచ్చి, నర్మదాతీరపు జిల్లాలలో అధికారి యయ్యెను. వీరాస్వామయ్యగారు జబ్బల్పూరు దారిని నడచిన ఆ 1830, 1831 సంవత్సరములలోనే అతడు ఆ ప్రాంతమున ఠగ్గులను పట్టుచుండెను. చిక్కినవారు నోరు విప్పరు. చూచిన సాక్షులందఱు భూమిలో నున్నారు. అప్పుడు అతడు అవలంబించిన ఉపాయము అప్రూవర్ల పద్ధతి. చిక్కినవారిలో ఒకనిని ఏరి, నీవెఱిగినదంతయు దాచక చెప్పి, నీ తోడివారిని పట్టియిచ్చినచో నీకు ఉరి తప్పును. అబద్ధమాడిన, ఏదైన దాచిన, పూర్వపు శిక్షయే నీకు ప్రాప్తించును అని షరతు పెట్టుట. ఫిరంగియా యను జమాదారు ఇట్లు లోబడినవారిలో ముఖ్యుడు. వాని కుటుంబమును ముందుగా పట్టి యుంచిన తరువాతనే వాడు దూరము పోలేక చిక్కెను. ఒక మామిడితోపులో స్లీమన్ డేరా వేసియుండగా, డేరా క్రిందనే తాము చంపినవారి గోతులున్నవని వాడు చెప్పెను. భార్య డేరాలో నిద్రించుచుండగనే అధికారి త్రవ్వించెను. అస్థిపంజరములు బయటపడెను.

ఇట్టి నిదర్శనము చూచినవాడు అటుపై వాని ప్రతిమాటను నమ్మకుండునా? ఇచటనే మనము నిలిచి యోచింపవలసియున్నది. గోతి విషయమున సత్యము పలికినవాడు గోతి త్రవ్వుటకు గల కారణము విషయమునను సత్యమే పలుకునని నియమము లేదు. స్లీమన్ జాగరూకుడే. అప్రూవర్లను వేఱువేఱుగా నుంచి, ఒకని మాటతో మఱియొకని మాటను సరిచూచి, శవములు త్రవ్వించి గాని కేసు నడుపలేదు. ఎవరు, ఎచట, ఎందఱిని అను ప్రశ్నలకు ఈ పద్ధతి చాలును. కాని 1836లో కలకత్తాలో అచ్చయిన అతని రామసీయానా గ్రంథములోని సంభాషణలను చదివినచో అతడు అంతటితో తృప్తినొందలేదని తెలియును. మీ దేవి మిమ్మేల విడిచినది, శకునములను మీరెట్లు నమ్ముదురు, చంపుట మీకు ధర్మమెట్లయ్యెను అని పదేపదే అడిగించును. ఈ ప్రశ్నలలోనే సగము జవాబు గలదు. సంకెళ్ళలో నున్నవాడు, తన ప్రాణము ఎదుటివాని ప్రసన్నత మీద ఆధారపడియున్నవాడు, ఆ జవాబును కాదనునా? మేమంతయు భవానీ పనుపున చేసితిమి అనుటలో వానికి లాభమే గలదు. పాపము దేవిపై పడును, తాను పనిముట్టు మాత్రమగును. వినువానికిని అది యింపుగనే యుండును. ఇంతటి ఘోరమతమును రూపుమాపిన ఖ్యాతి సామాన్యమైన దోపిడిగాండ్రను పట్టిన ఖ్యాతికంటె పెద్దది గదా! ఠగ్గులలో మహమ్మదీయులును అనేకులుండిరి. వారును భవానీని కొలిచితిమనిరి. కిమ్ వాగ్నర్ 2007లో ప్రకటించిన గ్రంథమునందు ఈ మతకథను ప్రక్కకు నెట్టి, గ్రామములయందు వీరికి ఆశ్రయమిచ్చి సొమ్ములో పాలు తీసికొన్న జమీందార్లను, జీవనోపాధి చెడిన సిపాయిలను చూపియున్నాడు. 1818లో మరాఠా రాజ్యము కూలి, పిండారీ యుద్ధము ముగిసిన పిదప కత్తియే వృత్తిగా గల యెన్ని వేలమంది వీధిపాలైరో చరిత్ర చదివినవా రెఱుగుదురు.

ఇక హైదరాబాదు. స్లీమన్ గ్రంథమున తెలింగాణ ఠగ్గుల ప్రస్తావన గలదు. కావున అప్రూవర్లను కొందఱిని నిజాము రాజ్యమునకు పంపిరి. అప్పుడు నాసిరుద్దౌలా నిజాము. ఆ వాఙ్మూలములు వ్రాసికొన్నవారిలో ఒకడు ఫిలిప్ మెడోస్ టెయిలర్. 1808లో లివర్పూలున పుట్టి, పదునైదేండ్ల వయసున బొంబాయికి వర్తకుని కొలువునకు వచ్చి, ఆ వర్తకుని స్థితి సరిగా లేనందున 1824లో నిజాము సైన్యమున చేరినవాడు. హైదరాబాదు సాహుకారు విలియం పామరు కూతును పెండ్లాడెను. ఇచటి భాషలు మాటలాడును, ఇచటి జనులను ప్రేమించును. కొంతకాలము పోలీసు అధికారిగా నైఋతి జిల్లాలలో పనిచేసెను. త్రోవలలో శవములు దొరకుట చూచి ఆరా తీయబోవునంతలో మరల సైన్యమునకు పిలువబడితినని, లేకున్న ఈ గుట్టును తానే ముందుగా బయటపెట్టియుందునని తన జీవితచరిత్రలో వాపోయెను. తాను కాపు కాచిన జిల్లాలలోనే, తన కన్నుల యెదుటనే, ఆ గుంపులు మర్యాదస్తుల వేషములతో తిరిగినవని తరువాత అప్రూవర్లు చెప్పగా విని నివ్వెఱపడెను. దినదినమును ఒక క్రొత్త హత్య. ప్రతి హత్యకు ఒక చోటు.

ఆ విన్నదానినుండి పుట్టినది ఒక ఠగ్గు వాఙ్మూలము అను నవల. 1839లో లండనున మూడు సంపుటములుగా వెలువడెను. ఆ గ్రంథమున అమీరలీ యను ఠగ్గు ఒక దొర యెదుట కూర్చుండి తన చరిత్రను చెప్పును. దొర అప్పుడప్పుడు అడ్డుపడి ప్రశ్నించును, అసహ్యించుకొనును, అయినను చెప్పుమనును. ఆ పేరు గల అప్రూవరును తాను 1832లో ఎఱుగుదునని, వాడు తన చేతులతో 719 మందిని చంపినట్లు ఒప్పుకొన్నాడని, పండ్రెండేండ్లు చెఱలో లేకున్న వేయి నిండించియుందునని వగచెనని టెయిలర్ పీఠికలో వ్రాసెను. ఇంగ్లండున ఈ పుస్తకమునకు కలిగిన ఆదరణ ఇంతింతనరాదు. విక్టోరియా రాణి అచ్చుకాగితములు దిద్దబడినవి దిద్దబడినట్లు తనకు పంపుమనెనట. నేటి చిత్రములోని మెలకువలన్నియు ఇందు గలవు. హంతకుడు అందగాడు, మాటకారి, మర్యాదస్తుడు; ప్రశ్నించువాడు మనకు బదులుగా భయపడువాడు; మనము గదిలో సుఖముగా కూర్చుండి వారిద్దఱి నడుమ తొంగిచూచువారము.

టెయిలర్ సహృదయుడు, మోసగాడు కాడు. అయినను ఆ 719 అను లెక్క యెవరు లెక్కించినది? వాడు చెప్పినాడు, ఇతడు వ్రాసినాడు. ఇట్టి లెక్కలు ఎట్లు పెరుగునో తెలియుటకు బెహరాము కథ చాలును. లక్నోలో జేమ్స్ పేటన్ అను అధికారి ఠగ్గుల మాటలు వ్రాసికొన్న కాగితములలో బెహరాము పేరున 931 హత్యల లెక్క గలదు. స్లీమన్ మనుమడు జేమ్స్ స్లీమన్ 1933లో గ్రంథము వ్రాయుచు, ఈ 931 మందిని బెహరాము ఒక్కడే చంపెననెను. ఆ గ్రంథము పేరే పది లక్షల హత్యలనియున్నది! గిన్నిస్ వారి రికార్డుల పుస్తకమునకు కూడ ఆ లెక్క యెక్కెను. మైక్ డాష్ అను చరిత్రకారుడు 2005లో మూలపు కాగితములను వెల్లడించుదాక ఎవరును అడిగినవారు లేరు. వాడు చెప్పినది ఇంతే: స్వహస్తములతో నూటయిరువదియైదుగురిని చంపియుందునేమో, మఱి నూటయేబదిమందిని చంపుచుండగా చూచియుందునేమో అని. 931 వాడున్న గుంపులు చేసిన హత్యల మొత్తము. నూటయిరువదియైదు తక్కువ ఘోరమా? కాదు. కాని ఘోరమును ఘోరముగా చెప్పినచో చాలదని ఎవరికి తోచెను, ఏల తోచెను అనునది విచారింపదగినది.

చంపబడినవారి మాట యేమనగా, ఠగ్గుల నోట పెద్ద హత్యలకు పేర్లు గలవు: చాలీస్ రూహ్, సాఠ్ రూహ్, అనగా నలువది ప్రాణములు, అఱువది ప్రాణములు. వ్రాసికొన్నవారును ఆ పేర్లనే ఉంచిరి. ఆ నలువదిమందిలో ఎవరి యింట ఎవరు ఎన్నేండ్లు వాకిలి చూచుచు కూర్చుండిరో అడుగుటకు ఏ అధికారియు ఏ యూరికిని పోలేదు. భర్త చచ్చెనో, బ్రదికియున్నాడో తెలియక, పసుపుకుంకుమలు ఉంచుకొనవలెనో తీసివేయవలెనో నిర్ణయింపజాలక మిగిలిన స్త్రీల స్థితిని మన గృహిణులే యూహింపగలరు. వారి వాఙ్మూలములను వ్రాసికొన్న గ్రంథము లేదు.

ఇది యింతటితో పుస్తకముల గొడవగా ముగిసియుండినచో మేము ఈ వ్యాసమును వ్రాసియుండము. వాఙ్మూలములనుండి చట్టము పుట్టెను. 1836వ సంవత్సరపు 30వ చట్టము ప్రకారము, కుంఫిణీ సీమలోనే గాని వెలుపలనే గాని, చట్టమునకు ముందే గాని తరువాతనే గాని, ఒకడు ఠగ్గుల గుంపునకు చెందియుండెనని రుజువైనచో యావజ్జీవ కఠినశిక్ష. వాడు ఏ హత్య చేసెనో, ఎవరిని చంపెనో వేఱుగ రుజువు చేయనక్కఱలేదు, గుంపులోనివాడైన చాలును. మఱుసటియేటి 19వ చట్టము శిక్షపడినవాని సాక్ష్యమును చెల్లునట్లు చేసెను. అనగా ఒక ఠగ్గు, ఇతడును ఠగ్గే అని వ్రేలు చూపుటతో పని ముగియవచ్చును. 1831 మొదలు 1837 వఱకు 3,266 మంది ఠగ్గుల సంగతి తేల్చబడెననియు, వారిలో 412 మంది ఉరి తీయబడిరనియు, 483 మంది అప్రూవర్లైరనియు లెక్క గలదు. త్రోవలు నిర్భయములైనవి, అది మేలే. అప్రూవర్లలో అనేకులు జబ్బల్పూరునందు 1837లో పెట్టిన పారిశ్రామిక పాఠశాలలో డేరాలు కుట్టుచు, తివాచీలు నేయుచు, బిడ్డలకు ఆ పని నేర్పుచు కాలము గడపిరి. బిడ్డలనేల నిర్బంధించిరి? తండ్రి ఠగ్గైనచో కొడుకును ఠగ్గగునని. ఈ భావమునకు మూలము మరల ఆ వాఙ్మూలములే. మా తాతముత్తాతలనుండి ఇదియే మా వృత్తి యని సంకెళ్ళవారు చెప్పిరి, పుస్తకములవారు ప్రకటించిరి.

ఠగ్గులకై పెట్టిన శాఖ ఠగ్గులు పోయిన పిదప పోలేదు. ఠగ్గీ, డెకాయితీ డిపార్టుమెంటు అను పేరుతో 1904 వఱకు బ్రదికెను. హైదరాబాదున దానికొక ఉపశాఖ యుండెను. నేరము కులవృత్తియగు కులములు గలవను నమ్మకము నానాటికి బలిసి, 1871లో నేరస్థ జాతుల చట్టమయ్యెను. 1911 నాటి క్రొత్త చట్టముతో అది చెన్నరాష్ట్రమునకు వచ్చెను. తెలుగుదేశమున ఆ దెబ్బ యెవరిపై పడెను? ఉప్పు, ధాన్యము గాడిదలపై మోసి ఊరూర అమ్ముకొనుచు, బుట్టలల్లుచు, సోది చెప్పుచు బ్రదికిన ఎఱుకలవారిపై. రైలుబండి వచ్చి వారి ఉప్పు వర్తకము చెడినది. అడవిచట్టములు వచ్చి వెదురు కొట్టరాదన్నవి. తుదకు ఈ చట్టము వచ్చి మీరు పుట్టుదొంగలన్నది. బాపట్ల దగ్గఱ స్టూవర్టుపురమున సాల్వేషన్ ఆర్మీవారి చేతిక్రింద వారికొక నిర్బంధవాసము ఏర్పడెను. కావలిలో మఱియొకటి. వ్రేలిముద్రలు, హాజరు పట్టీలు, చీటీ లేక ఊరు దాటరాదను కట్టుబాటు. అమాయకుడగు ఎఱుకల బాలుడు పుట్టిన నాటినుండి పోలీసు పుస్తకములో చేరువాడు. 1952లో చట్టము రద్దయినది. కాని స్టూవర్టుపురము అన్న పేరు విన్నంతనే గజదొంగ యని తలచువారు మన చదువుకొన్నవారిలోనే ఎందఱు లేరు? మన చలనచిత్రములును ఆ పేరును అమ్ముకొనుచునే యున్నవి.

టెయిలరు జీవితములోనే దీనికి ఎదురుగ నిలుచు ఘట్టమొకటి గలదు. సురపురపు బాలరాజు వేంకటప్ప నాయకునికి అతడు సంరక్షకుడై పెంచెను. ఆ రాజు అతనిని అప్పా అని పిలుచువాడు. 1858లో రాజు తిరుగబడి, ఓడి, హైదరాబాదున పట్టుబడెను. టెయిలరు చెఱసాలకు పోయి, నిన్ను పురికొల్పినవారెవరో రెసిడెంటునకు చెప్పుము, మేలు కలుగునని బ్రతిమాలెను. ఒకరిని పట్టియిచ్చి నా ప్రాణము కాపాడుకొనజాలనని రాజు నిరాకరించెను. మరణదండనను తగ్గించి నాలుగేండ్ల ఖైదు చేసి చెంగల్పట్టునకు పంపుచుండగా, దారిలో వెంటనున్న అధికారి పిస్తోలు ప్రేలి చనిపోయెను. తానై కాల్చుకొనెనో, పొరపాటో తేలలేదు. వేలకొలది పుటల వాఙ్మూలములు వ్రాసినవాడు ఈసారి వట్టిచేతులతో తిరిగివచ్చెను. ఠగ్గు చెప్పినది ఎట్టి నిర్బంధమున చెప్పెనో తెలియగోరువారు ఈ రాజు చెప్పకుండుటకు ఇచ్చిన మూల్యమును దాని ప్రక్కన పెట్టి చూడవలెను.

ఇప్పుడు మరల చిత్రముల కడకు వత్తము. నిక్ బ్రూంఫీల్డు అను నాంగ్లేయుడు అమెరికాలో ఐలీన్ వూర్నోస్ అను స్త్రీని గూర్చి రెండు చిత్రములు తీసెను. ఆమె 1989, 1990 సంవత్సరములలో ఫ్లారిడాలో ఏడుగురు పురుషులను కాల్చి చంపినది. 1992 నాటి మొదటి చిత్రములో అతడు హంతకురాలికంటె ఆమె చుట్టును చేరినవారినే యెక్కువగ చూపెను. ఆమెతో మాటలాడించుటకు వకీలును, పెంపుడుతల్లియు సొమ్మడుగుట, తాను చెల్లించుట దాచక చూపెను. 2003 నాటి రెండవ చిత్రములో ఆమె ఛాయాయంత్రము ఆగినదనుకొని, ఆత్మరక్షణకే చంపితినని, కాని త్వరగా చావగోరి వేఱుగ చెప్పుచున్నానని పలుకును. అంతకుముందు యంత్రము నెదుట తన ఇచ్ఛతోనే దోపిడికై చంపితినని చెప్పినదియు ఆమెయే. 2002 అక్టోబరులో ఆమెకు మరణశిక్ష అమలు జరిగెను. ఏది నిజమో చిత్రకారుడు తీర్పు చెప్పలేదు. బేరమును, సంకెలను, ప్రశ్నను కూడ చిత్రములో నుంచెను. మేము కోరునది ఇంతమాత్రమే.

ఎఱ్రొల్ మోరిస్ కథ ఇంకను విచిత్రమైనది. టెక్సాసులో, ఖైదీలను పరీక్షించి వీరు తప్పక మరల చంపుదురని న్యాయస్థానములలో చెప్పు వైద్యుడొకడుండెను. అతనిని గూర్చి చిత్రము తీయబోయి మోరిస్ చెఱసాలలలో హంతకులతో మాటలాడుచుండెను. వారిలో రాండల్ ఆడమ్సు అనువాడు నేను నిర్దోషిననెను. అందఱు అట్లే అందురు గదా! కాని మోరిస్ కాగితములు తిరుగవేసెను. డల్లాసున 1976లో ఒక పోలీసువానిని చంపినట్లు ఆడమ్సుపై సాక్ష్యము చెప్పినవాడు డేవిడ్ హారిస్ అను పదునాఱేండ్ల కుఱ్ఱవాడు. ఆ హత్య జరిగిన కారు వాడు దొంగిలించినదే. ఇది మన ఠగ్గీ శాఖవారి పద్ధతియే; వ్రేలు చూపినవాడు బయటపడెను, చూపబడినవాడు ఉరికంబమునకు పోవలసినవాడయ్యెను. హారిస్ తరువాత మఱియొక హత్యకై మరణశిక్షపడి చెఱలో నుండెను. 1986 డిసెంబరులో మోరిస్ వానితో తుదిసారి మాటలాడబోవునప్పటికి ఛాయాయంత్రము చెడిపోయెను. కంఠధ్వని మాత్రము దొరకెను. ఆ ధ్వనిలో హారిస్, ఆడమ్సు నిర్దోషియని తనకు తెలియునని ఒప్పుకొన్నంత పని చేసెను. ది థిన్ బ్లూ లైన్ అను ఆ చిత్రము 1988లో వెలువడెను. మఱుసటియేడు ఆడమ్సు పండ్రెండేండ్ల ఖైదునుండి విడుదల యయ్యెను.

విడుదలయైన పిదప ఆడమ్సు చేసిన తొలి పనులలో ఒకటి, తన జీవితకథపై హక్కు తనదే గాని చిత్రకారునిది కాదని మోరిస్‌పై వ్యాజ్యమునకు దిగుట. విచారణ లేకయే ఇరువురును రాజీపడిరి. ఆ కథను వాడుకొను హక్కు ఆడమ్సునకు దక్కెను.